ఉత్తర ప్రత్యుత్తరాలు జరపరాదు

పూర్వం ఉద్యోగ ప్రకటనల్లో చిట్టచివర, చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉండేది: దరఖాస్తుల విషయమై ఈ కార్యాలయంతో మధ్యలో ఎటువంటి ఉత్తర ప్రత్యుత్తరాలు జరపరాదు. ఇంగ్లీషులోనూ తెలుగులోనూ ఆ వాక్యాన్ని లెక్కలేనన్ని మార్లు టైపు చేశాను. డెబ్బైల చివర్లో హైదరాబాదు శివార్లలోని ఒక ప్రభుత్వరంగ కర్మాగారంలో, పర్సనల్ డిపార్ట్‌మెంటులో టైపిస్టుగా చేరి, అక్కడే మెట్టు మెట్టు ఎక్కి, అక్కడే రిటైరయ్యాను. చేరకముందు కొన్నేళ్లు, ఆ వాక్యం చదివి నోరు మూసుకుని ఎదురుచూసినవాళ్లలో నేనూ ఉన్నాను. రెండు వైపులా ఉండి చూసినదాన్ని కాబట్టి ఆ రోజుల ఇంటర్వ్యూ గురించి ఒక మాట గట్టిగా చెప్పగలను. గదిలో ఆ పది నిమిషాలూ ఎలా నడుస్తాయన్నది, అంతకు ముందు ఎవరు ఎవరికి ఏమి రాశారు, ఏమి రాయకుండా ఉంచారు అన్నదాన్ని బట్టే చాలావరకు తేలిపోయేది.

అసలు ప్రకటన కంటపడటమే ముందు పెద్ద పని. 1976లో ఎంప్లాయ్‌మెంట్ న్యూస్ వారపత్రిక మొదలయ్యాక కేంద్రప్రభుత్వ ఖాళీలు ఒకచోట కనపడసాగాయి గానీ, మా గుడివాడలో మాబోటివాళ్లకు అది దొరికేది గ్రంథాలయంలోనే. ముందు వచ్చినవాడు తనకు కావలసిన ప్రకటన చింపుకుపోయేవాడు. అందుకని మా టైపు ఇన్‌స్టిట్యూట్ మాస్టారు ముఖ్యమైనవి చేత్తో ఎక్కించి తలుపు పక్కన అంటించేవారు. లోయరు, హయ్యరు పాసవ్వడానికి వచ్చేవాళ్లతో పాటు, ఆ కాగితం చదవడానికే వచ్చిపోయేవాళ్లు కూడా చాలామంది.

ఇంకో రకం ప్రకటనలు ఉండేవి. అందులో కంపెనీ పేరుండదు, ఊరుండదు. ‘బాక్స్ నంబరు ఫలానా, కేరాఫ్ ఫలానా పత్రిక, మద్రాసు’ అంతే. ఎవరికి రాస్తున్నామో తెలియకుండానే మన చదువు, కులం, తండ్రి ఉద్యోగం, ఎత్తు, బరువు అన్నీ రాసి పంపాలి. అప్పటికే ఎక్కడో పనిచేస్తున్నవాడికి అది ప్రాణసంకటం. ఆ బాక్సు వెనక ఉన్నది తన యజమానే అయితే ఉన్న ఉద్యోగానికి ముప్పు. మా వీధిలో ఒకాయన అలా రాసిన దరఖాస్తు తీరా తన మేనేజరు బల్ల మీదికే వచ్చి చేరింది. ఆయన్ని తీసెయ్యలేదు కానీ, ఆ తర్వాత ఎన్నడూ ఎక్కడికీ దరఖాస్తు పెట్టలేదాయన.

దరఖాస్తు అంటే అరఠావు కాగితం. జిరాక్సు యంత్రాలు ఇంకా మా ఊరు చేరని కాలం. సర్టిఫికెట్లకు ‘ట్రూ కాపీలు’ టైపు కొట్టించుకోవాలి, అచ్చంగా మార్కుల పట్టీలో ఉన్నది ఉన్నట్టు. దాని మీద గెజిటెడ్ అధికారి సంతకం, ఆకుపచ్చ సిరాలో. కాలేజీ ప్రిన్సిపాల్ దొరకకపోతే పశువుల డాక్టరు గారు. ఆయన ఆసుపత్రిలో గేదెల మధ్య నిలబడి మా మెట్రిక్ మార్కులు సరిచూసి ముద్ర వేసేవారు. 2014 ప్రాంతంలో ప్రభుత్వాలు, ఎవరి కాగితాల మీద వాళ్లే సంతకం చేసుకుంటే చాలునన్నాక ఆ వరసలన్నీ పోయాయి. నాకు సంతోషమే. కన్నవాళ్ల పేరు సరైనదేనని పరాయి మనిషి ముందు నిలబడి ఒప్పించుకోవలసిన అవస్థ ఎవరికీ ఉండకూడదు.

పోస్టల్ ఆర్డరు కొని, క్రాస్ చేసి, కవరు అంటించి, పోస్టాఫీసులో సర్టిఫికెట్ ఆఫ్ పోస్టింగ్ తీసుకునేవాళ్లం. చిన్న చీటీ, దాని మీద తేదీ ముద్ర. 2011లో తపాలాశాఖ దాన్ని ఎత్తేసింది. మనం పంపామనడానికి సాక్ష్యం ఆ చీటీయే. వాళ్లకు అందిందనడానికి ఏ సాక్ష్యమూ లేదు. ఆ చీటీలను మా నాన్నగారు ఇనుప చువ్వకు గుచ్చి ఉంచేవారు, కరెంటు బిల్లుల పక్కనే.

ఎంప్లాయ్‌మెంటు ఎక్స్ఛేంజి సంగతి వేరు. ఖాళీలను ఎక్స్ఛేంజికి తెలియజేసి తీరాలన్న చట్టం 1959లో వచ్చింది. చాలా ఆఫీసులు అక్కణ్ణుంచి పంపిన పేర్లనే పిలిచేవి. అంటే మనమూ ఉద్యోగమిచ్చేవాళ్లూ నేరుగా మాట్లాడుకోవడానికి దారే లేదు. మధ్యలో ఒక కార్డు, ఒక నంబరు, ఒక సీనియారిటీ. కార్డు గడువులోగా రెన్యువల్ చేయించకపోతే ఏళ్ల సీనియారిటీ గంగలో కలిసేది. 1996లో మన కృష్ణా జిల్లా ఎక్సైజు కార్యాలయం నియామకాల మీద వెళ్లిన కేసులోనే సుప్రీంకోర్టు ఈ తలుపు తెరిచింది. ఎక్స్ఛేంజిని అడగడంతో సరిపెట్టకుండా పత్రికల్లో, రేడియోలో, టీవీలో, నోటీసు బోర్డుల్లో కూడా ప్రకటించాలని, అర్హులైన అందరినీ పరిశీలించాలని చెప్పింది. ఆ తీర్పు నాటికి నేను బల్లకు ఇవతలి వైపున ఉన్నాను. మా ఆఫీసుకు గోనెసంచుల్లో దరఖాస్తులు రావడం మొదలైంది.

‘ఫలానావాళ్ల అబ్బాయికి ఇంటర్వ్యూ వచ్చిందట’ అనేవారు ఊళ్లో. పోస్టుమేన్ ఆ కవరును మామూలు ఉత్తరాల్లో కలపకుండా విడిగా పట్టుకొచ్చేవాడు. ఇల్లు సరిగ్గా చేరుతుందో లేదోనన్న అనుమానం ఉన్నవాళ్లు కేరాఫ్ పెట్టుకునేవారు: బడి పంతులు గారు, ఆర్‌ఎంపీ డాక్టరు, కిరాణా కొట్టు. దాంతో అసలు మనిషికంటే ముందు ఊరంతటికీ తెలిసేది. ఆ కాగితాన్ని అమ్మ దేవుడి దగ్గర పెట్టేది, నాన్న ఇంగ్లీషు వచ్చినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లి మళ్లీ చదివించేవాడు. చొక్కా ఒకరిది, బూట్లు ఒకరివి, హైదరాబాదులో దిగాల్సిన చుట్టాల చిరునామా ఇంకొకరిది. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో పక్కన కూర్చున్నవాడి చేతిలో కూడా అదే రంగు ఫైలు కనపడితే, ఇద్దరూ కాసేపు మాట్లాడుకోకుండా ఉండి, తర్వాత కలిసి పులిహోర తినేవారు.

ఇంటర్వ్యూ తేదీ దాటాక చేరిన కాల్ లెటర్లూ తక్కువేం కాదు. నాకూ అలాంటిది ఒకటి వచ్చింది. కవరు మీద ముద్ర చూస్తే వాళ్లు పోస్టు చేసిందే ఇంటర్వ్యూకు రెండు రోజుల ముందు. ఆ సంస్థకు ఉత్తరం రాద్దామంటే రాయకూడదని ప్రకటనలోనే ఉంది. అయినా రాశాను. జవాబు లేదు.

ఆడపిల్ల పేరున కాల్ లెటర్ వస్తే దాని నడక ఇంకో రకం. కవరు విప్పేది తండ్రో అన్నో. పంపాలా వద్దా అన్న మాట ముందు వాళ్లు తేల్చేవాళ్లు. ఊరు దూరమైతే అక్కడితో సరి. నా స్నేహితురాలొకతె పేరున వచ్చిన ఉత్తరం సంగతి ఆమెకు పెళ్లయిన తర్వాత బీరువాలో కాగితాలు సర్దుతుంటే తెలిసింది. నా విషయంలో మా నాన్నగారు తోడుగా వచ్చి, కర్మాగారం గేటు బయట వేపచెట్టు కింద సాయంత్రం దాకా నిలబడ్డారు.

చేరిన తర్వాత, మా గదిలోకి వచ్చే ఆ దరఖాస్తులకు ఏం జరుగుతుందో చూశాను. పోస్టల్ ఆర్డరు ఉందా, సంతకం ఉందా, వయసు సరిపోయిందా. తర్వాత మేం ఒక పెద్ద పట్టిక తయారుచేసేవాళ్లం. ఒక్కో మనిషికి ఒక్క వరస: పేరు, వయసు, కేటగిరీ, చదువు, మార్కుల శాతం, అనుభవం, రిమార్కులు. పొడుగు క్యారేజీ టైపురైటరు మీద కొట్టి, సైక్లోస్టైల్ తీసి బోర్డు సభ్యుల ముందు పెట్టేవాళ్లం. ఆ పెద్దలకు అసలు దరఖాస్తు తిరగెయ్యడానికి తీరిక ఉండేది కాదు. ఊరు వదిలి వచ్చిన ఆ కుర్రాడు వాళ్లకు నేను కొట్టిన ఒక్క వరసలోనే తెలుసు. ఎండాకాలం సెలవుల్లో ధాన్యం మిల్లులో లెక్కలు రాశానని ఒకబ్బాయి తన చేతిరాతలో పూర్తి పేరా రాసుకున్నాడు. మా పద్ధతి ప్రకారం అనుభవం అంటే సర్టిఫికెట్ ఉన్నదే. ఆ గడిలో ‘లేదు’ అని పడింది. గదిలో ఆ ‘లేదు’ మీదే ప్రశ్న. ఖాళీగా ఏం చేస్తున్నావు ఇన్నాళ్లూ, అని.

ఫారంలో ఏ గడి ఉంటే ఆ ప్రశ్న పుట్టేది. తండ్రి వృత్తి అన్న గడి ఉంది కాబట్టి మొదటి ప్రశ్న ‘మీ నాన్నగారు ఏం చేస్తారు?’ స్వస్థలం గడి ఉంది కాబట్టి రెండో ప్రశ్న మీ ఊరి ప్రత్యేకత ఏమిటని. ఇది మా ఒక్క చోటి కథ కాదు. 1980లో శ్రీనగర్ రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీ ప్రవేశాల కేసులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చినదీ ఇదే. ఒక్కొక్కరికి రెండు మూడు నిమిషాలు, అడిగింది తల్లిదండ్రుల గురించి, ఊరి గురించి. మార్కుల్లో మూడో వంతు ఆ మాటలకే. అది అన్యాయమని, మౌఖిక పరీక్షకు 15 శాతం మించరాదని, వీలైతే ఆ మాటలను టేపులో రికార్డు చేయాలని కోర్టు అంది. అది కాలేజీ సీట్ల గొడవే అయినా, ఆ తీర్పు కాపీ మా ఆఫీసులో చేతులు మారడం నాకు గుర్తు. టేపురికార్డరు మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు.

ఆడవాళ్లకు మరో ప్రశ్న తప్పేది కాదు, పెళ్లయితే మానేస్తావా అని. కాగితం మీద ఇంకా ఘోరాలు ఉండేవి. జీవిత బీమా సంస్థ ఉద్యోగంలో చేరే స్త్రీల చేత నింపించే డిక్లరేషనులో నెలసరి గురించి, గర్భాల గురించి అడిగే గడులు ఉండేవి. ఆ గడులు అవమానకరమని, తీసెయ్యడం మంచిదని సుప్రీంకోర్టు 1991లో చెప్పేదాకా ఆ ఫారం చేతులు మారుతూనే ఉంది. ఆ వార్త చదివిన రోజు మా సెక్షనులోని ఆడవాళ్లం మధ్యాహ్నం టీ దగ్గర చాలాసేపు మాట్లాడుకున్నాం.

ఇప్పుడు పూర్తిగా కనుమరుగైపోయినవాటిలో నాకు ఎక్కువగా బెంగ కలిగించేది వరండాలో వేసిన ఆ బెంచీలు. ఇంటర్వ్యూ రోజు ఉదయం ఎనిమిదికల్లా నిండిపోయేవి. ఉత్తరాల్లో చెప్పని సంగతులన్నీ అక్కడ తెలిసేవి. లోపల ఎంతమంది ఉన్నారు, ఎవరు ఏం అడుగుతారు, పోస్టులు ఎన్ని. బయటికి వచ్చినవాణ్ణి మిగతావాళ్లు చుట్టుముట్టి ‘ఏమడిగారు, ఏమడిగారు’ అనేవారు. పోటీదారుడే అయినా ఎవడూ దాచేవాడు కాదు, లేదా చాలా తక్కువమంది దాచేవారు. శ్రీకాకుళం కుర్రాడు ఆదిలాబాదు కుర్రాడికి టై కట్టి పంపడం చూశాను. మా అటెండరును అందరం చాచా అనేవాళ్లం. పేరు పిలిచి తలుపు తీసేది ఆయనే. తలుపు తీయబోయే ముందు వణికే పిల్లల భుజం మీద చెయ్యేసి మెల్లగా చెప్పేవాడు: ‘పరేషాన్ గాకు బిడ్డా. లోపట నలుగురున్నరు. నడుమ కూసున్న సారుకు ముందుగాల నమస్తే పెట్టు. కూసోమన్నదాంక కూసోకు.’ ప్రకటన నుంచి ఆ తలుపు దాకా, ఆ సంస్థ తరఫున ఆ పిల్లలు విన్న మొదటి మెత్తని మాట అదే. ఆయన మాట విని వెళ్లినవాళ్ల గొంతు మొదటి జవాబులోనే కాస్త తేరుకోవడం, పక్క గదిలో పని చేసుకునే మాకు వినపడేది.

ఇంటర్వ్యూ చివర ఛైర్మన్ మర్యాదకు అడిగేవారు, మీరేమైనా అడగదలుచుకున్నారా అని. ‘నో సార్, థాంక్యూ సార్.’ అందరిదీ అదే జవాబు. ఇన్ని నెలలుగా అడగవద్దని రాసి పంపినవాళ్లు ఇప్పుడు అడగమంటే ఎవరు అడుగుతారు? ఒక్క అమ్మాయి మాత్రం అడిగింది. వరంగల్ వైపు నుంచి వచ్చిన పిల్ల. ‘ఈ ఉద్యోగంలో రోజూ నేను చేయాల్సిన పని ఏమిటండీ?’ అంది. కాగితాలు అందించడానికి నేను లోపలే ఉన్నాను. నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ప్రకటనలో ఉన్నది జూనియర్ అసిస్టెంట్ అన్న రెండు మాటలే. స్టోర్సులోనా, కొనుగోళ్లలోనా, టైమ్ ఆఫీసులోనా అన్నది అప్పటికి ఎవరూ అనుకోలేదు. ఏదో చెప్పి పంపారు. ఆ అమ్మాయి వెయిటింగు జాబితాలో ఉండిపోయింది, ఆ ప్యానెల్ గడువులోగా ఆమె దాకా పిలుపు వెళ్లలేదు.

కానీ ఆ ప్రశ్న మా ఆఫీసరు గారిని వదల్లేదు. మరుసటి దఫా కాల్ లెటర్లకు ఒక అదనపు కాగితం జతచేయమన్నారు. ఏ సెక్షను, ఏం పని, మొదట చేతికొచ్చే జీతం ఎంత, క్వార్టర్లు ఉన్నాయా లేవా, ఎంపికలో వేటిని చూస్తారు. ఒక్క స్టెన్సిల్ పని. ఆ దఫా ఇంటర్వ్యూలు నా కళ్లముందు మారిపోయాయి. స్టోర్సు అని చదివి వచ్చిన కుర్రాడు సరుకు లెక్కల పుస్తకం ఎలా రాస్తారో కనుక్కుని వచ్చాడు. బోర్డులోని స్టోర్సు అధికారికి ఉత్సాహం పుట్టి రాజధానులు, నదులు పక్కనపెట్టి పని గురించి అడిగారు. తండ్రి వృత్తి గురించిన మాట చాలామంది దగ్గర రానే లేదు. ఇద్దరు ముగ్గురు ఆ జీతం తమకు సరిపోదని ముందే ఉత్తరం రాసి రావడం మానుకున్నారు. వాళ్లకు రైలు ఛార్జీ మిగిలింది, మాకు సమయం మిగిలింది. ఆ ఆఫీసరు గారు బదిలీ అయ్యాక ఆ కాగితం ఆగిపోయింది. తర్వాతి ఆయనకు అది అనవసరమైన చాదస్తంగా తోచింది.

వాయిదా పడితే టెలిగ్రాం ఇచ్చేవాళ్లం. టెలిగ్రాం అంటే చావు కబురేనని ఇంటిల్లిపాదీ శోకాలు పెట్టి, తర్వాత చదివించుకున్నవాళ్లున్నారు. 2013 జూలైలో అదీ పోయింది.

తొంభైల చివరికి బుధవారం హిందూ పత్రికతో వచ్చే ఉద్యోగాల అనుబంధంలో ‘వాకిన్’ అన్న మాట కనపడసాగింది. దరఖాస్తు లేదు, కాల్ లెటర్ లేదు, బయోడేటా పట్టుకుని నేరుగా వెళ్లడమే. అమీర్‌పేట గదుల్లోని పిల్లలు తెల్లారేసరికి బారులు తీరేవారు. ఆ తర్వాత ఈమెయిళ్లు, కన్సల్టెన్సీల ఫోన్లు. ప్రభుత్వం వైపు చూస్తే, 2016 జనవరి నుంచి కేంద్రంలో కింది స్థాయి ఉద్యోగాలకు ఇంటర్వ్యూలే లేవు. 2022లో తెలంగాణ గ్రూప్ 1, గ్రూప్ 2లకూ తీసేసింది. సిఫార్సులు ఎలా నడిచేవో ఎరిగినదాన్ని, ఆ నిర్ణయాలు న్యాయమనే అంటాను.

మా అన్నయ్య కూతురు గచ్చిబౌలిలో పనిచేస్తుంది. దానికి ఉద్యోగ వివరం నాలుగు పేజీలు ముందే వస్తుంది. షిఫ్టు ఏమిటి, ప్రాజెక్టు ఏమిటి, వారంలో ఎన్ని రోజులు ఆఫీసుకు రావాలి అని తనే అడుగుతుంది, అవతలివాళ్లు జవాబు చెబుతారు. అది విన్నప్పుడల్లా నాకు ఆ వరంగల్ అమ్మాయి గుర్తొచ్చి కడుపు నిండినట్టుంటుంది. అయితే మొన్న నాలుగు రౌండ్లు మాట్లాడిన కంపెనీ ఆ తర్వాత ఉలకలేదు, పలకలేదు. దాని పేజీలో నెలల తరబడి ‘పరిశీలనలో ఉంది’ అనే ఉంది. పోనీ ఫోన్ చేసి అడగవే అంటే, ‘ఎవరికి చెయ్యాలి అత్తా? వచ్చిన మెయిల్‌కి జవాబివ్వడానికి వీల్లేదు’ అంది.

మేం కాదని చెప్పడానికి కూడా ఉత్తరం రాసేవాళ్లం. రిగ్రెట్ లెటర్ అనేవాళ్లం. మీరు ఇంటర్వ్యూకు హాజరైనందుకు కృతజ్ఞతలు, ఈసారి మిమ్మల్ని ఎంపిక చేయలేకపోతున్నందుకు చింతిస్తున్నాము. రెండే వాక్యాలు, కింద అధికారి సంతకం. సైక్లోస్టైల్ చేసిందే అయినా పేరు మాత్రం ఒక్కొక్కటీ టైపు కొట్టేదాన్ని. ఇంటిపేరు పూర్తిగా, అక్షరం తప్పులేకుండా. ఆ కాగితం అందినవాడు ఆ ఉద్యోగం మీద ఆశ వదులుకుని, మర్నాడు ఇంకో దానికి పోస్టల్ ఆర్డరు కొనుక్కునేవాడు. పొలం కౌలుకిచ్చి ఎదురుచూస్తున్నవాడు మళ్లీ అరక కట్టేవాడు. ఆడపిల్లయితే ఆగిన సంబంధం మాట మళ్లీ కదిలేది. ఏడిపించే కాగితమే, కాదనను. కానీ దాన్ని విప్పి చదివాక ఇక గుమ్మంలో నిలబడి పోస్టుమేన్ కోసం చూడనక్కర్లేదు.

2000 దాటాక, ఖర్చు తగ్గించమని పైనుంచి సర్క్యులర్ వచ్చింది. తపాలా ఖర్చు ముందు కోతకు దొరికింది. ప్రకటనలో కొత్త వాక్యం చేర్చమన్నారు: ఎంపికైనవారికి మాత్రమే తెలియజేయబడును. చేర్చాను. అదయ్యాక గేటు దగ్గరికి పిల్లలు రావడం మొదలైంది. రిజల్టు వచ్చిందా అని, కర్నూలు నుంచి, పాడేరు నుంచి బస్సుల్లో వచ్చేవాళ్లు. సెక్యూరిటీ వాళ్లు తిప్పి పంపుతుంటే, నా పేరు చెప్పి లోపలికి పంపమన్నాను. ప్యానెల్ పెట్టిన తర్వాత అది రహస్యం కాదు కదా. నా బల్ల దగ్గరికి వచ్చినవాళ్లను కూర్చోబెట్టి, రిజిస్టరు తీసి వాళ్ల పేరు చూసి, ఉంటే ఉందని, లేకపోతే లేదని చెప్పేదాన్ని. కొందరు మార్కులు అడిగేవారు. అవి చెప్పడానికి అప్పటికి వీలుండేది కాదు, సమాచార హక్కు చట్టం 2005లో గానీ రాలేదు. చాలామంది మంచినీళ్లు తాగి, ‘పక్క ఫ్యాక్టరీలో ఏమైనా నోటిఫికేషన్ పడిందా మేడమ్?’ అని అడిగేవారు. తెలిస్తే చిరునామా చీటీ మీద రాసిచ్చేదాన్ని.